తిప్పి చూడని మూడు పలకలు

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ సర్వీసులో మీరు చేసిన మంచి పని ఒకటి చెప్పండి" అని అడుగుతారు. ఉన్నాయి. రెండు కల్వర్టులు, ఒక బడి ప్రహరీ, ఒక నీళ్ల ట్యాంకు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. నిలబడ్డదాన్ని ఎందుకు నిలబడ్డావని ఎవరూ అడగరు. నేను చెప్పగలిగింది కూలినదాని గురించే. అది కూడా ఇన్నాళ్లు సగమే చెప్పాను. మిగతా సగం ఇది.

నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి వర్క్ ఇన్‌స్పెక్టర్‌గానే దిగిపోయాను. ఇంజనీరు గీసినదానికీ మేస్త్రీ కట్టినదానికీ నడుమ ఎండలో నిలబడే మనిషి వర్క్ ఇన్‌స్పెక్టర్. సామాను మంచిదో కాదో చూసి సంతకం పెట్టడం అతని పని. పని బాగుంటే పేరు పైకి పోతుంది, చెడితే మాట కిందికి వస్తుంది. ముప్పై ఏళ్లు అట్లా నడుమ నిలబడ్డవాడికి ఒక ఆశ మిగులుతుంది. ఒక్కసారైనా పై సారు నలుగురి ముందు భుజం తట్టి శభాష్ అనాలని. నా తప్పుకు మూలం ఇంత చిన్నది.

రాష్ట్రం వచ్చిన కొత్తలో చెరువులకు మంచి రోజులొచ్చాయి. పూడికలు తీశారు, కట్టలు వెడల్పు చేశారు, వాటి మీద దీపాలు, బెంచీలు పెట్టారు. నల్లగొండ జిల్లాలో నేను పనిచేసే చిన్న పట్టణంలో మా సారుకు ఇంకో ఆలోచన వచ్చింది. ఎక్కడో ఫొటో చూశాడు. కట్ట మీది నుంచి నీళ్ల మీదికి పదిహేను అడుగులు ముందుకు పోయే చెక్క వేదిక. కింద సిమెంటు స్తంభాలు, వాటి మీద ఇనుప చట్రం, చట్రం మీద చెక్క పలకలు. సాయంత్రం పూట జనం వచ్చి దాని మీద నిలబడి నీళ్లు చూడాలి. కాగితాల్లో దాన్ని డెక్ అన్నారు. పట్టణం వాళ్లు మాత్రం చివరిదాకా చెక్క అరుగు అనే అన్నారు.

మాది రాతి సీమ. బండలు పరచడం తెలుసు, సిమెంటు పోయడం తెలుసు. ఎండకూ వానకూ ఆరుబయట చెక్క పరిచి నిలబెట్టడం మాలో ఒక్కరికీ తెలియదు. తెలియదని చెప్పే అలవాటు కూడా మా శాఖలో లేదు. నేను మాత్రం ఒక తెలివైన పని చేశాను. చెక్క తెలిసిన మనిషిని పిలుచుకొచ్చాను. ఆ మనిషి మాట వినకపోవడం తర్వాతి సంగతి.

నేను పుట్టిన ఊరు కట్టంగూరుకు దగ్గర. ఆ ఊరి వడ్ల ఆయన్ను, అంటే వడ్రంగిని, నేను కాకా అని పిలిచేవాణ్ని. ఆయన చేతి నాగళ్లు, ఎడ్లబండ్లు, ద్వారబంధాలు చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్లలో ఉండేవి. మా దిక్కు ఇల్లు కట్టేటప్పుడు దర్వాజ ఎత్తడం పెద్ద కార్యం. ముహూర్తం పెట్టుకుని, ద్వారబంధానికి పసుపు రాసి, మామిడాకులు కట్టి, వడ్ల ఆయన ఉలికీ బాడిసెకూ బొట్టు పెట్టి, ఆయనకు కొత్త బట్టలు పెట్టి నిలబెట్టిస్తారు. ఎత్తిన చెయ్యి మంచిదైతే ఇంట్లోకి మంచి వస్తుందని నమ్మకం. కాకా చెయ్యి మంచిదని పేరు. ఆ పేరు కోసం ఏడాది ముందే వచ్చి చెప్పుకునేవాళ్లు.

మాకు భూమి లేదు కాబట్టి నాగలి పని పడలేదు. గుడిసెకు తడిక తలుపే కాబట్టి దర్వాజ పనీ పడలేదు. అయినా ఆ ఇంటితో మాకు ఒక సంబంధం ఉంది. మా బాపు కూలికి పోయిన ఇళ్లలో దాహమేస్తే నీళ్ల చెంబు అరుగు మీద పెట్టి లోపలికి పోయేవాళ్లు. బాపు తాగి, చెంబు తానే కడిగి, బోర్లించి వచ్చేవాడు. కాకా వాళ్లింట్లో మాత్రం చిన్నమ్మ, అంటే కాకా భార్య, చెంబు తెచ్చి చేతికిచ్చేది. ఊరు మొత్తంలో అట్లా చేతికిచ్చిన ఇల్లు అదొక్కటే.

బాపు చనిపోయినప్పుడు పెట్టె కూడా కాకానే చేశాడు. మేము చర్చికి పోయేవాళ్లం, మాకు పెట్టెలో పెట్టి పూడ్చే పద్ధతి. కాకా పెట్టె అడుగును తిరగేసి, బయటి వైపు కూడా చిత్రిక పడుతుంటే నేను అన్నాను, "కింద ఎందుకు కాకా, మట్టిలకు పోయేదే గద." ఆయన చిత్రిక ఆపకుండానే, "పండుకునేటోడు పక్కనే ఉన్నడు, ఇనబడతది. గట్ల అనకు బిడ్డా" అన్నాడు.

అట్లాంటి మనిషిని నేను ఆ చెరువు పనికి తీసుకొచ్చాను.

కర్ర చూడటానికి ఇద్దరం కోత మిల్లుకు పోయాం. అంచనాలో టేకు రాసి ఉన్నా దొరకదని, నల్లమద్దికి అనుమతి తెచ్చుకున్నాం. మద్ది మంచి కర్రే. ముదిరిన చెట్టయి, ఆరిన కర్ర అయితే నీటికి ఓర్చుకుంటుంది. కాకా ఒక్కో పలకను కొస పట్టి ఎత్తి బరువు చూశాడు. సుత్తి పిడితో కొట్టి చెవి పెట్టాడు. రంపం కింద రాలిన పొట్టు పిడికిట్లో పట్టి పిసికి చూశాడు.

"ఇది పలుకుతున్నది. ఇది మూగది" అని వేరు చేయసాగాడు.

"మూగదైతే ఏమైతది కాకా?"

"కడుపుల నీళ్లున్నట్టు. నిన్నగాక మొన్న కోసిన మొద్దు ఇది. ఇంకా చెట్టునే అనుకుంటున్నది."

మిల్లు యజమాని నవ్వాడు. "గంతగనం చూస్తున్నవేంది తాతా, పిల్లనిచ్చేటట్టు?"

"పిల్లనిచ్చేటట్టయితే గింత చూడకపోదును. ఇచ్చినంక ఒక్కింట్లనే ఉంటది. దీని మీద ఊరంత నిలబడతది."

అందరం నవ్వాం. పొద్దు తిరిగేసరికి కాకా పక్కన పెట్టిన పలకలు మాకు కావలసినదాంట్లో మూడో వంతు కూడా లేవు. మిగతావి కొన్ని పచ్చివి. కొన్నింటికి అంచున తెల్లటి భాగం ఉంది. చెట్టు నడుమ ముదిరిన గట్టి కర్రను చేవ అంటారు. దాని చుట్టూ తెల్లగా, మెత్తగా ఉండేదే పురుగుకూ తడికీ మొదటి ముద్ద. కాకా ఆ తెల్లభాగం మీద గోరు గీసి చూపించాడు. గీత పడింది.

"ఇంకో మిల్లు చూద్దాం బిడ్డా. మిర్యాలగూడ దిక్కు పోదాం. లేకుంటే రెండు నెలలు ఆగుదాం."

ఆగడానికి లేదు. ప్రారంభానికి ఒక పెద్దమనిషి వస్తున్నాడని, తేదీ ఖాయమైందని మా సారు పొద్దున్నే చెప్పాడు. నేను మొత్తం పలకలకు సంతకం పెట్టాను. నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. నాకెవరూ లంచం ఇవ్వలేదు కూడా. ఇచ్చి ఉంటే ఈ కథ చెప్పుకోవడం ఇంకా తేలికయ్యేది.

పలకలు చెరువు కట్ట మీదికి చేరాయి. కాకా మూడే కోరాడు. ఒకటి, ఇరవై రోజులు నీడకు ఆరబెట్టడం. రెండు, బిగించే ముందు ప్రతి పలకకూ నాలుగు దిక్కులా, ముఖ్యంగా కోసిన కొసలకు, కాచిన అవిసె నూనెలో వేప నూనె కలిపి పట్టించడం. మూడు, పలకల నడుమ సందు విడవడం.

"కొసలే తాగుతయ్ బిడ్డా. చెట్టు వేరు కాడికెల్లి తాగినట్టే తాగుతయ్. నూనె పెడితే ఆడ మూతి మూసినట్టు. పలకకు పలకకు నడుమ వేలు సందు ఇడుద్దాం. వానకు ఉబ్బుతయ్, జాగా ఉండాలె."

నేను పోయి సారుకు చెప్పాను. ఆయన ఫోనులో ఆ ఫొటో మళ్లీ తీసి చూపించాడు. "సందులుంటే ఆడోళ్ల చెప్పులు ఇరుకుతయ్. పేపరోళ్లు సందులనే ఫొటో తీస్తరు. దగ్గర దగ్గర కొట్టియ్యి. అద్దం లెక్క మెరవాలె. నూనె పెడితే మెరుస్తదా?"

"మెరవది సార్. నల్లగైతది."

"మరి?"

ఆ 'మరి' పట్టుకుని నేను కట్ట మీదికి వచ్చాను. నిజానికి ఒక్కమాట అడ్డం చెప్పి ఉండొచ్చు. ఆయన మరీ చెడ్డవాడేం కాదు. మూడు వారాలు గడువు అడిగితే కోప్పడి, తర్వాత ఇచ్చేవాడేమో. నేను అడగలేదు. కాకా దగ్గరికి వచ్చి, నాది కాని గొంతు తెచ్చుకుని, "దగ్గర దగ్గర కొట్టు. మీదికెల్లి వార్నిష్ వెయ్యి, చాలు. కింద ఎవడు చూస్తడు?" అన్నాను.

కాకా నా ముఖం చూశాడు. వార్నిష్ డబ్బా మూత తీశాడు.

మా బాపు పెట్టె నాకు అప్పుడు గుర్తు రాలేదు. వచ్చిందని రాస్తే బాగుంటుంది కానీ రాలేదు. చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది.

మరుసటి ఆదివారం చర్చి నుంచి నేరుగా పని దగ్గరికి వచ్చాను. కాకా ఒక్కడే ఉన్నాడు. మూడు పలకలు బోర్లా పరిచి, వేడి నూనెలో గుడ్డ ముంచి అడుగుకు పట్టిస్తున్నాడు. కొసలు అప్పటికే నూనె తాగి నల్లబడ్డాయి. ఆ మూడూ మిల్లులో ఆయన మొదట ఏరిన ఆరిన పలకలు.

"ఏందిది కాకా?"

"ఈ మూడన్న నా తీరుగ పెట్టుకోనియ్యి బిడ్డా. నీళ్ల మీద కొసకుండేటియి. వచ్చినోళ్లంత ఆడికే పోయి నిలబడుతరు."

"సారు చూస్తే?"

"మీద నీ వార్నిషే కొడత తియ్యి. కింద ఎవడు చూస్తడు?"

నా మాట నాకే తిప్పి ఇచ్చి నవ్వాడు. నేనూ నవ్వాను. పలకల అడుగున ఒక మూలకు ఉలితో మూడు చిన్న గాట్లు పెట్టాడు, పాత వడ్లవాళ్లు తమ పనికి పెట్టుకునే గురుతు. నేను కూర్చుని చూస్తుంటే, "జాగా కొన్నవంట గద. ఇల్లు ఎప్పుడు?" అన్నాడు.

"ఇంకో రెండు మూడేండ్లు పడతది."

"దర్వాజ నేనే ఎత్తుత. మీ బాపు పెట్టె చేసిన చెయ్యి ఇది. ఒకటి పోయేటందుకు చేసిన, ఒకటి వచ్చేటందుకు చేస్త."

"నువ్వు గాక ఇంకెవరు ఎత్తుతరు కాకా" అన్నాను.

ప్రారంభం ఘనంగా జరిగింది. చెక్క అరుగు అద్దంలా మెరిసింది. సారు నిజంగానే నలుగురి ముందు నా భుజం తట్టాడు. మర్నాడు పేపర్లో వచ్చిన ఫొటోలో నాది ఒక మోచెయ్యి మాత్రం పడింది. ఆ ముక్క కత్తిరించి చాలా రోజులు దాచుకున్నాను. కాకాను ఎవరూ ముందుకు పిలవలేదు. ఆయన నీళ్ల వైపు చివరికి పోయి, తన మూడు పలకల మీద నిలబడి చప్పట్లు కొట్టాడు.

మొదటి వానాకాలానికే పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి నెట్టుకుని అక్కడక్కడ లేచాయి. వార్నిష్ పాము కుబుసంలా ఊడింది. మేము ఎండాకాలంలో దాన్ని గీకి మళ్లీ వార్నిష్ కొట్టించాం. ఆ పూత నీళ్లను లోపలికి రానివ్వదని మేమనుకున్నాం. అది లోపలున్న నీళ్లను బయటికి పోనివ్వలేదు. పైన మెరుపు, కింద చెరువు ఆవిరి. మధ్యలో కర్ర మెల్లగా మురిగింది. ఈ సంగతి మీకు ఎక్కడైనా అక్కరకు వస్తుందని చెబుతున్నాను. ఆరుబయట చెక్కకు పైపూత వేసేముందు అడుగుభాగం సంగతి చూడండి.

రెండో వానాకాలం మొదట్లో కాకా ఫోన్ చేశాడు. "మొన్న పట్నం పోయేటప్పుడు ఆగి చూసిన. నడుమ పలకలు కాలు పెడితే మెత్తగ తగులుతున్నయ్. ఒక్కసారి రెండు లేపి చూడు బిడ్డా."

"చూస్త కాకా" అన్నాను. చూడలేదు. చూస్తే మురిగింది కనబడుతుంది, కనబడితే రాయాలి, రాస్తే ఆ సంతకం ఎవరిదని వస్తుంది. చూడకుండా ఉంటే ఇంకో ఏడాది గడుస్తుందనుకున్నాను.

గడవలేదు. ఆ చెక్క అరుగు మీద ఒకామె రోజూ సాయంత్రం ఉడికించిన పల్లికాయ అమ్మేది. యాభై దాటిన మనిషి. ఒకరోజు గంప దించుకుని కూర్చోబోతుంటే కాలి కింద పలక విరిగింది. తొడదాకా దిగబడింది. పక్కనున్నవాళ్లు పైకి లాగేటప్పుడు పలక బిగించిన మరమేకు కొస గుచ్చుకుని పిక్క చీలింది, మోకాలి కింద ఎముక విరిగింది. నేను పోయేసరికి ఆమెను దవాఖానకు తీసుకుపోయారు. పలకల మీద నెత్తురు ఉంది. కింద నీళ్లలో పల్లికాయలు తేలుతున్నాయి.

దవాఖానకు పోయాను. కాలికి పట్టీ కట్టి పడుకోబెట్టారు. ఆమె నన్ను తిట్టలేదు. ఆలోచించినట్టు అంది: "మంచిగ మెరుస్తుండె గద సారూ. మెరిసేటివి గట్టిగుంటయ్ అనుకున్న." తర్వాత నడిచింది కానీ కర్ర పట్టుకునే నడిచింది. గంప మళ్లీ ఎత్తుకోలేదు.

పది రోజులకు విచారణకు పై నుంచి ఇంజనీరు వచ్చాడు. డెక్ ఆలోచన చేసిన మా సారు అప్పటికే బదిలీ మీద పోయాడు. మిగిలింది నేను, కాకా. కాకా ఉతికిన తెల్ల ధోతి, అంగీ వేసుకుని, భుజాన పనిముట్ల సంచితో వచ్చాడు. పలకలు ఊడదీయమంటారు, తీసి చూపించాలని వచ్చాడట.

విరిగిన పలకను ముందు తిప్పారు. అడుగు తేనెపట్టులా ఉంది. పక్కవి రెండు తిప్పారు, అదే తీరు.

"రెండేళ్లకే ఇట్లా అయితే ఎట్లా?" అని ఇంజనీరు నన్నడిగాడు. "కర్ర చూసి తీసుకున్నది నువ్వే కదా. మంచిదేనా?"

అది నా రోజు. నేను చెప్పాల్సిన ఆ ఒక్క నిజం కోసం దేవుడు నన్ను ముప్పై ఏళ్లు ఉద్యోగంలో ఉంచాడేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లుంది. ఇంటి పునాది తవ్వుతున్నారు.

"కర్ర మంచిదే సార్" అన్నాను. "బిగించుట్ల, పూతల ఏదో తేడా వచ్చింది."

కాకా ఒక అడుగు ముందుకు వచ్చాడు. గొంతు పెంచలేదు. "సారూ, ఆ కొసకు మూడు పలకలున్నయ్. అవి గూడ ఒక్కసారి తిప్పి చూడుండ్రి. నా పనితనం ఏందో ఆడ ఉన్నది."

ఇంజనీరు అరుగు చివర వైపు చూసి, చేతి గడియారం చూసుకుని, నా వైపు తిరిగాడు. "అవసరమా?"

ఆ మూడు పలకలు తిరగేస్తే కాకా నిందలోంచి బయటపడతాడు. అదే మనిషి, అదే చెరువు, అవే రెండు వానలు, పలకలు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటాయి. అప్పుడు మిగతావాటిని అట్లా ఎవరు పెట్టించారని అడుగుతారు. కాకా నా వైపు చూస్తున్నాడు. బతిమాలుతున్నట్టు చూడలేదు. నేను చెబుతానని నమ్మకంగా చూస్తున్నాడు.

"అన్నీ ఒక్క తీరే సార్" అన్నాను.

కాకా సంచి భుజానికెత్తుకుని కట్ట దిగి బస్టాండు వైపు నడిచాడు. నేను కూర్చుని నివేదిక రాశాను. వడ్రంగి పనితనంలోని లోపం వల్ల పలకలు చెడిపోయినట్టు గమనించడమైనది. చేతిరాత బాగుందని ఇంజనీరు మెచ్చుకున్నాడు.

ఒక పేపర్లో నాసిరకం పని అని నాలుగు లైన్లు వచ్చాయి. కాకా పేరు వేయలేదు కానీ ఊరు వేశారు. ఆ ఊళ్లో ఆ పని చేసేది ఎవరో అందరికీ తెలుసు. తర్వాత జరిగింది ఊళ్లో ఉండే మా తమ్ముడు చెప్పాడు. పక్క ఊరి గొర్లకాపరుల ఇంట్లో దర్వాజకు ముహూర్తం పెట్టుకున్నారు. ద్వారబంధం కాకా వాకిట్లో సగం తయారై ఉంది. ఇంటాయన వచ్చి తల వంచుకుని అన్నాడట, "ఏమనుకోకు తాతా. ఇంట్ల ఆడోళ్లు భయపడుతుండ్రు. నెత్తురు చూసిన చెయ్యి అంటుండ్రు." కాకా ఆ ద్వారబంధాన్ని పూర్తిగా చేసి, నున్నగా తీసి, ఎత్తడానికి వేరేవాళ్లకు అప్పగించాడట. ఆ తర్వాత దర్వాజకు ఎవరూ పిలవలేదు. మంచం కోళ్లకు, పారల కామలకు పిలిచేవాళ్లు. కొన్నాళ్లకు అదీ లేదు.

ఆ మరుసటి ఏడు నా ఇంటికి దర్వాజ పెట్టే రోజు వచ్చింది. మేము ముహూర్తాలు చూడం. నెత్తురు చూసిన చెయ్యి అనే మాటకు మా ఇంట్లో విలువ లేదు. పాస్టరు వచ్చి ప్రార్థన చేసి పోతాడు, అంతే. కాబట్టి చెప్పుకోవడానికి నాకు ఆ సాకు కూడా లేదు. నేను తిరుమలగిరి నుంచి వేరే ఆయన్ను పిలిపించాను. కాకా ఎదుట నిలబడలేక పిలవలేదు. నేను పిలిచి ఉంటే, ఆ చెరువు పని చేయించినవాడే తన ఇంటికి పిలిచాడంట అని ఏడెనిమిది ఊళ్లలో చెప్పుకునేవాళ్లు. ఆయన పేరు అక్కడికక్కడ నిలబడేది. నా చేతిలో ఉన్న ఆ చిన్న పని కూడా నేను చేయలేదు.

పదవీ విరమణ అయింది. శాలువా కప్పారు. మచ్చలేని సర్వీసు అని ఎవరో మాట్లాడారు. నేను కుర్చీలో కూర్చుని విన్నాను.

రెండేళ్ల కింద ఆ చెక్క అరుగును తీసేసి సిమెంటు పోసి టైల్స్ వేశారు. తీసిన పలకలు పంపుహౌస్ వెనక కుప్ప పోశారని విని పోయాను. కావలివాడు, "వంటచెరుక్కా సార్? అక్కరకు రావు, పిండి పిండిగున్నయ్" అన్నాడు. ఒక్కొక్కటి తిప్పుకుంటూ పోయాను. కుప్ప అడుగున దొరికాయి. మూలకు మూడు గాట్లు. పైన వార్నిష్ ఎప్పుడో పోయింది. అడుగు నల్లగా, నున్నగా ఉంది. గోరు గీసి చూశాను. గీత పడలేదు. సుత్తి లేక రాయితో కొట్టాను. పలికింది.

అనుమతి తీసుకుని, ట్రాలీ ఆటోలో వేసుకుని ఊరికి పోయాను.

కాకా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు మసకబారాయి. ఎవరని అడిగాడు, చెప్పాను. "రండ్రి సారూ" అన్నాడు. ఆయన నన్ను బిడ్డా అని కాకుండా అట్లా పిలవడం అదే మొదలు. పలకలు దించి ఆయన ముందు పెట్టాను. అరచేత్తో అడుగంతా తడిమాడు. మూలకు పోయి వేళ్లు ఆగాయి. మూడు గాట్లనూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకున్నాడు.

నేను ఆ రోజు చేసింది మొత్తం చెప్పాను. ఆయనకు తెలియనిది అందులో ఏమీ లేదు. ఇంజనీరు దగ్గరికి పోయి రాసిస్తానని అన్నాను.

"ఆయనెవరో నాకెరుక లేదు సారూ. ఆయన రాసింది గూడ నేను సదవలే. నా పేరు పోయింది ఈ బజార్ల." గోడ వైపు చెయ్యి చూపి, "ఆ పలకలు గోడకు నిలబెట్టుండ్రి. అడుగు దిక్కు బజారుకుండాలె. పొద్దుమూకేదాక మీరు ఈడనే కూసోండ్రి. ఎవలన్న అడిగితే మీరే చెప్పాలె" అన్నాడు.

నిలబెట్టాను. కూర్చున్నాను. చిన్నమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికివ్వలేదు. అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. అది మా కులాన్ని చూసి కాదని తెలుసు. నేను చేసిన పనిని చూసి.

పొద్దుమూకేదాకా ఇద్దరే అడిగారు. ఒక ముసలామెకు మొత్తం చెప్పాను. విని, "అయ్యో, ఇన్నేండ్లకా?" అని పోయింది. గొర్లు తోలుకుపోతున్న ఒకాయన సగం విని నవ్వాడు. "ఇప్పుడు చెప్పి ఏం జేస్తవ్ సారూ. అందరియి ఇనుప దర్వాజలే అయిపాయె. వడ్లోళ్లను ఎవలు పిలుస్తుండ్రు?" కాకా ఆ మాట విన్నాడు.

పొద్దు వాలింది. పోయివస్తానని లేచాను. కాకా పలకల మీద చెయ్యి తీయకుండానే అడిగాడు.

"మీ ఇంటి దర్వాజ వానకాలం మంచిగ పడతదా సారూ?"

"పడదు కాకా. బిగుసుకుంటది. భుజం పెట్టి నూకాలె."

"పచ్చి కర్ర" అన్నాడు.

అరుగు మీద చెంబు అట్లాగే ఉంది. ఎత్తి తాగాను. వాకిట్లో తొట్టి దగ్గర కడిగి, మా బాపు వేరే ఇళ్లలో చేసినట్టు, బోర్లించి వచ్చాను.